మీకు తెలుసా? కొన్ని క్యాన్సర్లు వైరస్‌తో మొదలవుతాయి

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఎవరికైనా క్యాన్సరని తెలిస్తే "నుదుట రాసిపెట్టుంది, ఏం చేస్తాం" అని నిట్టూర్చేవాళ్ళే ఎక్కువ. అన్ని క్యాన్సర్ల సంగతి అది కాదు. కొన్నింటికి కారణం తెలుసు. ఏ దారిన వస్తాయో, ఆ దారిని ఎలా మూయాలో కూడా తెలుసు. వైరస్‌ల వల్ల వచ్చే క్యాన్సర్లు ఆ కోవలోవే. వాటి గురించి ప్రతి ఇంట్లో తెలిసి ఉండాల్సిన సంగతులు ఇవి.

కోడిపిల్లకు తొలిరోజే క్యాన్సర్ టీకా

హేచరీలో గుడ్డు పగిలి బయటికొచ్చిన కోడిపిల్లకు, ఫారానికి వెళ్ళే బండి ఎక్కకముందే మెడ వెనక చర్మం కింద చిన్న సూది పడుతుంది. అది మారెక్స్ టీకా. మారెక్స్ అంటే హెర్పిస్ జాతి వైరస్ తెచ్చే కోళ్ళ జబ్బు. కాళ్ళు చచ్చుబడతాయి, కాలేయంలో, ప్లీహంలో, అండాశయంలో కణితులు పెరుగుతాయి. హంగేరీ పశువైద్యుడు జోసెఫ్ మారెక్ 1907లో దీన్ని వర్ణించాడు. 1970 ప్రాంతంలో టీకా వచ్చింది. ఏ ప్రాణికైనా సరే, క్యాన్సర్‌ను ఆపగలిగిన తొలి టీకా ఇదే. ఈ వైరస్ మనుషులకు సోకదు. పిల్లల్ని దించుకునేటప్పుడు టీకా పడిందో లేదో కోళ్ళ రైతు అడిగి తెలుసుకుంటాడు. అంత శ్రద్ధ మన పిల్లల విషయంలోనూ ఉండాలి. ఎందుకో కింద చదవండి.

55 ఏళ్ళు ఆగిన నోబెల్

1909లో న్యూయార్క్ దగ్గరి రైతొకరు కణితి ఉన్న కోడిని రాక్‌ఫెల్లర్ సంస్థకు తెచ్చారు. పేటన్ రౌస్ అనే యువ శాస్త్రవేత్త ఆ కణితిని నూరి, కణాలూ బ్యాక్టీరియా దాటలేనంత సన్నని వడపోతలో వడకట్టాడు. ఆ ద్రవాన్ని మరో కోడికి ఎక్కిస్తే దానికీ కణితి లేచింది. కణాలు లేని ద్రవంలో కంటికి కనిపించని సూక్ష్మజీవి ఏదో ఉందని 1911లో ప్రకటించాడు. ఏళ్ళ తరబడి ఎక్కువమంది నమ్మలేదు. 1966లో నోబెల్ బహుమతి వచ్చేనాటికి ఆయన వయసు 87.

ఎన్ని క్యాన్సర్ల వెనక సూక్ష్మజీవులున్నాయి?

2018లో ప్రపంచంలో కొత్తగా వచ్చిన క్యాన్సర్లలో సుమారు 22 లక్షలకు ఏదో ఒక ఇన్ఫెక్షనే మూలమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. అంటే మొత్తంలో 13 శాతం. వీటిలో 8.1 లక్షలు పొట్టలో చేరే హెలికోబాక్టర్ పైలోరీ పని. అది వైరస్ కాదు, బ్యాక్టీరియా. మిగతావాటిలో పెద్ద వాటా మూడు వైరస్‌లది. హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) వల్ల 6.9 లక్షలు, హెపటైటిస్-బి వల్ల 3.6 లక్షలు, హెపటైటిస్-సి వల్ల 1.6 లక్షలు. ఆఫ్రికా పిల్లల దవడ కణితిలో 1964లో బయటపడిన ఎప్‌స్టీన్-బార్ వైరస్‌కూ ఈ జాబితాలో చోటుంది.

సిక్కోలు అడ్డపొగ వైరస్ కథ కాదు

చుట్ట వెలిగించి, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పొగ తాగడం మన తీర గ్రామాల్లో పాత అలవాటు. దీన్నే అడ్డపొగ అంటారు. ఆడవాళ్ళలో ఎక్కువ. దీనివల్ల అంగిలిలో క్యాన్సర్ వస్తోందని 1957లోనే వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. ఆ తర్వాత డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, ముంబయి టాటా సంస్థ బృందం కలిసి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రచురించారు. వారిలో 43.8 శాతం మంది అడ్డపొగ తాగేవారే. ప్రపంచ వైద్య గ్రంథాల్లోకి శ్రీకాకుళం పేరు ఎక్కింది ఇలాగే. ఈ క్యాన్సర్‌కు కారణం పొగాకు, నిప్పు వేడి. దీన్ని ఆపడానికి టీకా లేదు, చుట్ట మానడమే మందు. తర్వాతి కాలంలో శ్రీకాకుళంతో సహా మూడు జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడకందార్లకు ఏళ్ళ తరబడి నచ్చజెప్పి చూస్తే, క్యాన్సర్‌కు ముందు నోట్లో వచ్చే మచ్చలు తగ్గాయి.

పొగాకు, వైరస్ చేతులు కలిపితే

ఆడవారిలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు హెచ్‌పీవీ మూలం. ఒంట్లో హెచ్‌పీవీ ఉన్న మహిళ పొగ తాగితే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది. హెపటైటిస్-బి ఉన్నవారు మద్యం తాగినా, బూజు పట్టిన వేరుశెనగ, మొక్కజొన్న తిన్నా కాలేయ క్యాన్సర్ ముప్పు అలాగే పెరుగుతుంది. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. గింజలు బాగా ఎండబెట్టి, చెమ్మ తగలకుండా దాచడం కూడా కాలేయాన్ని కాపాడుకోవడంలో భాగమే.

వైరస్ లోపల ఏం చేస్తుంది?

మన ప్రతి కణంలో రెండు కాపలా ప్రొటీన్లు ఉంటాయి. చెరువు మదుముకు తలుపు, గట్టు మీద నీరుకావలి ఉన్నట్టే అనుకోండి. ఆర్‌బీ అనే ప్రొటీన్ తలుపు లాంటిది. అవసరం లేనప్పుడు కణం రెండుగా చీలకుండా పట్టి ఉంచుతుంది. పీ53 కావలి లాంటిది. జన్యువుల్లో గండి పడితే పని ఆపించి పూడ్పిస్తుంది, పూడ్చలేకపోతే ఆ కణం చచ్చిపోయేలా చేస్తుంది. హెచ్‌పీవీ 16, 18 రకాల దగ్గర ఈ6, ఈ7 అనే రెండు ప్రొటీన్లున్నాయి. ఈ7 తలుపు తీసేస్తుంది, ఈ6 కావలిని మాయం చేస్తుంది. ఇక కణాలకు అదుపు ఉండదు. చీలిన కొద్దీ జన్యువుల్లో తప్పులు పోగవుతాయి. పోగై పోగై ఏళ్ళు గడిచాక క్యాన్సర్ అవుతుంది.

వైరస్ సోకితే క్యాన్సర్ వచ్చేసినట్టు కాదు

హెచ్‌పీవీ అతి మామూలు వైరస్. లైంగిక జీవితం మొదలైన వారిలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది. ఎక్కువమందిలో ఒకటి రెండేళ్ళలో మన రోగనిరోధక శక్తే దాన్ని తుడిచేస్తుంది. కొద్దిమందిలోనే అది తిష్ఠ వేస్తుంది. అలా నిలిచిపోయినా క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్ళు పడుతుంది. అంతకాలం పట్టడం మన అదృష్టం. ముందుగా కనిపెట్టి, మచ్చ దశలోనే తీసేయడానికి అంత వ్యవధి ఉంది. అందుకే హెచ్‌పీవీ ఉందని తేలిన మహిళను ఎవరూ వేలెత్తి చూపకూడదు. ఆమె గుణగణాలకూ ఆ పరీక్షకూ సంబంధం లేదు.

ఎదురీదిన జర్మన్ డాక్టర్

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు మరో వైరస్ కారణమని అందరూ అనుకుంటున్న రోజుల్లో, పులిపిరులు తెచ్చే జాతి వైరస్‌లే దీనికి మూలమని జర్మనీకి చెందిన హరాల్డ్ జుర్ హౌసెన్ పట్టుబట్టారు. 1983లో హెచ్‌పీవీ-16ను, 1984లో హెచ్‌పీవీ-18ను ఆయన బృందం కణితుల్లోంచి వేరుచేసింది. 2008లో నోబెల్ వచ్చింది. ఈ క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి ఆ రెండు రకాలే కారణం. ఆ ఆవిష్కరణే నేటి టీకాకు పునాది.

బిడ్డ పుట్టిన 24 గంటలు ఎందుకంత ముఖ్యం?

హెపటైటిస్-బి వైరస్ పెద్దవాళ్ళకు సోకితే నూటికి 95 మందికి పైగా దానంతట అదే తగ్గిపోతుంది. పుట్టుకతో తల్లి నుంచి సోకిన పసికందులో అలా కాదు. పదిమందిలో తొమ్మిదిమందికి జీవితాంతం ఉండిపోతుంది. పైకి ఏ బాధా ఉండదు. లోపల కాలేయం ఏళ్ళ తరబడి వాస్తూ, మానుతూ గట్టిపడుతుంది. వైరస్ తన జన్యువును కాలేయ కణాల జన్యువుల్లోకే చొప్పిస్తుంది. ముప్పై, నలభై ఏళ్ళకు సిరోసిస్, కొందరిలో క్యాన్సర్. పుట్టిన 24 గంటల్లోపు తొలి మోతాదు టీకా వేయిస్తే ఆ గొలుసు మొదట్లోనే తెగుతుంది. సాలూరు, పార్వతీపురం, సీతంపేట కొండల మీద ఇంట్లోనే కాన్పయితే పోయేది ఈ సూదే. కాన్పు ఆసుపత్రిలో జరగాలని ఆశా కార్యకర్త వెంటపడేది తల్లి ప్రాణం కోసం, బిడ్డ కాలేయం కోసం కూడా.

పసిరికలకు పసరు సరే, పరీక్ష ఏదీ?

కళ్ళు పచ్చబడగానే పసరు మందుకు వెళ్ళడం మనకు అలవాటు. కలుషిత నీటి వల్ల వచ్చే హెపటైటిస్-ఎ, హెపటైటిస్-ఇ రకాలైతే ఎక్కువగా వాటంతట అవే తగ్గుతాయి, పేరు పసరుకు వస్తుంది. బి, సి రకాలైతే పచ్చదనం పోయినా వైరస్ లోపలే ఉండిపోవచ్చు. ఇవి రక్తం ద్వారా వస్తాయి. తుడిచి మళ్ళీ వాడిన సిరంజి, మార్చని మంగలి బ్లేడు, జాతరలో ఒకే సూదితో పదిమందికి పొడిచే పచ్చబొట్టు, ఇవన్నీ దారులే. పసిరికలు వచ్చిన ప్రతివారూ బి, సి రక్త పరీక్షలు చేయించుకోవాలి. కలిసి తిన్నా, చేయి పట్టుకున్నా ఇవి అంటవు.

తెలుగు నేలపై పుట్టిన క్యాన్సర్ నిరోధక టీకా

హెపటైటిస్-బి టీకా కాలేయ క్యాన్సర్‌ను ఆపుతుంది కాబట్టి మనుషుల్లో తొలి క్యాన్సర్ నిరోధక టీకా ఇదే. 1990ల మొదట్లో మన దేశంలో దొరికేది విదేశీ సరుకే. మామూలు కుటుంబాలకు అందని ధర. నెల్లూరు జిల్లాకు చెందిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి ఒక విదేశీ సంస్థను సాంకేతికత అడిగితే ఇవ్వలేదు. 1993లో తల్లి పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ పెట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, ఆపై హైదరాబాద్‌లోని సీసీఎంబీ సంస్థలో పరిశోధన సాగించారు. 1997 ఆగస్టులో శాన్‌వ్యాక్-బి బయటికొచ్చింది. జన్యు సాంకేతికతతో దేశంలోనే తయారైన తొలి హెపటైటిస్-బి టీకా అది. ధరలు దిగివచ్చాయి. 2011 నాటికి దేశమంతటా పిల్లల టీకాల పట్టికలో హెపటైటిస్-బి చేరింది. ఇప్పుడు ఈ సూది మన ఊరి ఆరోగ్య కేంద్రంలో ఉచితం.

తైవాన్ చూపిన రుజువు

పుట్టిన పిల్లలకు హెపటైటిస్-బి టీకా వేయడం తైవాన్ 1984లో మొదలుపెట్టింది. పదేళ్ళు తిరిగేసరికి అక్కడి 6 నుంచి 14 ఏళ్ళ పిల్లల్లో కాలేయ క్యాన్సర్ దాదాపు సగానికి తగ్గింది. టీకాతో మనుషుల్లో ఒక క్యాన్సర్ తగ్గిందని లోకం కళ్ళారా చూసిన మొదటి సందర్భం అదే.

జూలై 28 ఎవరి పుట్టినరోజు?

హెపటైటిస్-బి వైరస్‌ను కనిపెట్టి, టీకాకు దారి వేసిన బారుక్ బ్లూంబర్గ్‌ది. 1976లో నోబెల్ అందుకున్నారు. అందుకే ఏటా ఆ రోజున ప్రపంచ హెపటైటిస్ దినం. మన దేశంలో జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కూడా 2018లో అదే రోజున మొదలైంది. దాని కింద పరీక్షలు, మందులు ఉచితం. హెపటైటిస్-సికి టీకా లేదు కానీ, మూడు నెలల మాత్రలతో నూటికి 95 మందికి పూర్తిగా నయమవుతుంది. ఆ మాత్రలను చవకగా తయారుచేసినవాటిలో హైదరాబాద్ కంపెనీలు నాట్కో, హెటెరో ముందున్నాయి.

ఖమ్మంలో ఆగిన సూది, ప్రపంచానికి నేర్పిన పాఠం

2009 జూలైలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, 10 నుంచి 14 ఏళ్ళ బాలికలు సుమారు 14,000 మందికి హెచ్‌పీవీ టీకా వేసే ప్రయోగాత్మక కార్యక్రమం మొదలైంది. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టాయి. కొందరు బాలికలు చనిపోవడంతో ఆందోళన చెలరేగి, 2010 ఏప్రిల్‌లో నిలిపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం తేల్చింది. కానీ తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాల్సిన చోట చాలా పత్రాలపై హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టారని బయటపడింది. గిరిజన తల్లిదండ్రులను అడగకపోవడం పెద్ద తప్పు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది.

దీనికి మరో మలుపు ఉంది. అదే సమయంలో దేశంలో వేరే చోట్ల, రెండు మోతాదులు చాలా, మూడు కావాలా అని ఇంకో అధ్యయనం జరుగుతోంది. ఖమ్మం ఘటనతో అదీ మధ్యలో ఆగింది. దాదాపు 5,000 మంది బాలికలు ఒక్క మోతాదుతోనే మిగిలిపోయారు. వారిని పదేళ్ళ దాకా గమనిస్తే, 16, 18 రకాల వైరస్ నిలిచిపోకుండా ఒక్క మోతాదే 95 శాతం రక్షణ ఇచ్చిందని 2021లో తేలింది. ఒక్క మోతాదైనా చాలని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడానికి బలమైన ఆధారాల్లో ఇదొకటి. పేద దేశాలకు ఖర్చు తగ్గించిన ఆ రుజువు మన దేశపు ఆడపిల్లలు ఇచ్చిందే.

టీకా ఎప్పుడు వేయించాలి?

హెచ్‌పీవీ టీకా వైరస్ సోకకముందే పనిచేస్తుంది. సోకిన వైరస్‌ను తరిమేయదు. అందుకే 9 నుంచి 14 ఏళ్ళ వయసు సరైనది. స్వీడన్‌లో 17 ఏళ్ళలోపు టీకా వేయించుకున్నవారిలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ 88 శాతం తగ్గిందని 2020లో తేలింది. పుణె సీరం సంస్థ తయారీ హెచ్‌పీవీ టీకా సెర్వావ్యాక్ 2023 జనవరిలో విడుదలైంది. ఈ టీకా పిల్లలు పుట్టకుండా చేస్తుందనే పుకారు అబద్ధం. మన దేశంలో 2022లో 1.27 లక్షల మందికి ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చిందని, దాదాపు 80 వేల మంది దీనితో చనిపోయారని అంతర్జాతీయ అంచనా.

భయంతో గర్భసంచి తీయించుకోవద్దు

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలోకెల్లా ఎక్కువ ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే. దేశ సగటు 3.2 శాతమైతే మన దగ్గర 8.9 శాతం. తెల్లబట్ట అవుతోందని, అది క్యాన్సరవుతుందేమోనని బెదిరి ఆపరేషన్‌కు ఒప్పుకున్న అక్కచెల్లెళ్ళు వీరిలో ఎందరో. తెల్లబట్టకు చాలాసార్లు మందులు చాలు. అనుమానముంటే ముఖద్వారంపై పలచని ఎసిటిక్ ఆమ్లం అద్ది చూసే పరీక్ష ఉంది. ఒక నిమిషంలో మచ్చ తెల్లగా తేలుతుంది. దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. హెచ్‌పీవీ పరీక్ష ఇంకా మేలు. మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ జిల్లాలో 30 నుంచి 59 ఏళ్ళ మహిళలు 1.3 లక్షల మందిపై జరిగిన అధ్యయనంలో, జీవితంలో ఒక్కసారి ఈ పరీక్ష చేయించుకున్న వర్గంలో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయని 2009లో తేలింది.

హెచ్‌ఐవీ ఉన్నవారికి ముప్పు ఆరింతలు

హెచ్‌ఐవీ తానుగా కణాన్ని క్యాన్సర్‌గా మార్చదు. రోగనిరోధక శక్తిని తగ్గించి, మిగతా వైరస్‌లకు అడ్డు లేకుండా చేస్తుంది. హెచ్‌ఐవీ ఉన్న మహిళకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చే అవకాశం ఆరు రెట్లు ఎక్కువ, పైగా త్వరగా ముదురుతుంది. ఏఆర్‌టీ కేంద్రానికి మందులకు వెళ్ళే ప్రతి అక్కా 25 ఏళ్ళ నుంచే గర్భాశయ ముఖద్వార పరీక్ష అడిగి చేయించుకోవాలి.

క్యాన్సర్ అంటుకోదు

వైరస్ ఒకరి నుంచి ఒకరికి రావచ్చు. క్యాన్సర్ రాదు. క్యాన్సర్ ఉన్న మనిషికి వేరే కంచం, వేరే గ్లాసు, వేరే మూల పడక పెట్టడం అన్యాయం. ఆ మనిషికి జబ్బు కన్నా ఆ దూరమే ఎక్కువ బాధ. పక్కన కూర్చోండి, కలిసి తినండి, బిడ్డల్ని దగ్గరకు పంపండి. వైద్యానికి చెన్నై, ముంబయి దాకా పోనవసరం లేదు. టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి విశాఖ శివారు అగనంపూడిలోనే ఉంది.

ఇంటి గోడ మీద రాసిపెట్టుకోవాల్సిన మూడు వయసులు

బిడ్డ పుట్టిన 24 గంటల్లో హెపటైటిస్-బి సూది, ఆ తర్వాత 6, 10, 14 వారాలకు మిగతా మోతాదులు. ఆడపిల్లకు 9 నుంచి 14 ఏళ్ళ మధ్య హెచ్‌పీవీ టీకా. 30 దాటిన ప్రతి మహిళకు గర్భాశయ ముఖద్వార పరీక్ష. వలస పనికి వెళ్ళే కుటుంబాలు పిల్లల టీకా కార్డును ఆధార్‌తో పాటే సంచిలో పెట్టుకోండి, ఏ రాష్ట్రంలోనైనా తర్వాతి సూది వేస్తారు. నెలసరి ఆగిపోయాక మళ్ళీ రక్తం కనిపించినా, భార్యాభర్తల కలయిక తర్వాత రక్తం వచ్చినా, వాసనతో తెల్లబట్ట అవుతున్నా సిగ్గుపడి దాచుకోవద్దు. ఏఎన్‌ఎంకు చెప్పండి, ఆ వారమే ఆసుపత్రికి వెళ్ళండి. వైరస్ సోకాక అది క్యాన్సర్‌గా మారడానికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళను చేజార్చుకోకపోతే చాలామందికి ఈ జబ్బు రాకుండానే ఆపగలం.